పుట్టు వెంట్రుకలు

మా అమ్మతో మాట్లాడడం మానేసిన రోజులున్నాయి నాకు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగు అరిచి, చాయ్ పెట్టుకుని తాగి, మళ్ళీ నేనే పలకరిస్తాను. అప్పుడు వచ్చిన కోపం మాత్రం అలాంటిది కాదు. ఆమె కడుపున పుట్టినదాన్నై ఉండి, ఆమె మొహం చూస్తేనే ఒళ్ళు మండిపోయేది. ఎందుకో చెప్పాలంటే మా తమ్ముడి బిడ్డ సంగతి చెప్పాలి.

తమ్ముడు, మరదలు, అమ్మ ఎల్లారెడ్డిలో ఉంటారు. తమ్ముడు పొలం చేస్తాడు, ఖాళీగా ఉన్నప్పుడు ఎవరిదైనా ట్రాక్టర్ నడుపుతాడు. నేను పెళ్ళయి కామారెడ్డి వచ్చాను. స్టేషన్‌కు దగ్గర్లో ఇల్లు. ముందు గదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. మరదలికి పెళ్ళయిన చాలా ఏళ్ళకు గానీ కడుపు నిలవలేదు. నిలిచిన ఆ బిడ్డ పుట్టగానే ఏడవలేదు. ఆసుపత్రి వరండాలో అమ్మ కొంగు చాచి మా ఇంటి దేవుడు రాజన్నకు మొక్కింది. పిల్ల బతికితే పుట్టు వెంట్రుకలు నీ దగ్గరే తీయిస్తానంది. కాసేపటికి లోపలి నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. ఆ రోజు నుంచి అమ్మ లెక్కలో ఆ జుట్టు మాది కాదు, దేవుడిది.

పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి, మొదటి కత్తెర ఆయనే వేయాలి. మరదలి అన్న గల్ఫ్‌లో ఉన్నాడు. వచ్చే సెలవుకు, ఆపై సెలవుకు అంటూ మొక్కు వెనక్కి జరిగిపోయింది. కత్తెర తగలని జుట్టు దానికి నడుము దాకా దిగింది. దువ్వెన కనపడితే చాలు, ఇల్లంతా పరుగు పెట్టించేది. మా ఇంటికి వస్తే మిషన్ కింద దూరి గుడ్డ ముక్కలు ఏరుకునేది. నాకు పిల్లల్లేరు. ‘అత్తా’ అని అది పిలిచే పిలుపే నాకున్న సంపాదన.

బడిలో వేద్దామనుకుంటున్న ఏడాది దానికి జ్వరం పట్టుకుంది. ఊళ్ళో సూది వేస్తే తగ్గేది, మందు అయిపోగానే మళ్ళీ వచ్చేది. ఎక్కడా పడకుండానే కాళ్ళ మీద నీలం మచ్చలు తేలాయి. కామారెడ్డి తీసుకొచ్చి రక్తం చూపిస్తే, డాక్టర్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. పొద్దున్నే హైదరాబాద్ బయల్దేరండి అన్నాడు. రక్తం క్యాన్సర్ అని అక్కడ తేలింది. పెద్దవాళ్ళకు వచ్చే రోగం పసిదానికి ఎట్లా వచ్చిందని తమ్ముడు నన్ను అడిగాడు.

అయినా అక్కడి డాక్టరమ్మ ఆశ చెప్పింది. పిల్లల్లో ఇది నయమవుతుందనీ, చాలామంది బడికి పోయి, పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళు కూడా చేసుకుంటున్నారనీ చెప్పింది. ఏళ్ళ తరబడి మందు వాడాలి, మధ్యలో మాత్రం ఆపకూడదు అంది. మందులు సర్కారు కార్డు మీద నడిచాయి. అసలు కష్టమంతా దారిలోనే. ఎల్లారెడ్డిలో బస్సెక్కి సాయంత్రానికి మా ఇంటికి చేరేవాళ్ళు. తెల్లవారుజామున రైలు. ఉత్త రక్తపరీక్షకు కూడా అంత దూరం పోవాల్సిందే. సూదులు గుచ్చిన చేతిని ఎత్తి పట్టుకుని మా గడపలో నిలబడి, ‘అత్తా, మిషన్ తొక్కు’ అనేది. మిషన్ చప్పుడు వింటే దానికి నిద్ర పట్టేది.

మొదటి మందులకే జుట్టు రాలిపోయింది. హైదరాబాద్‌లో దిండు మీద నుంచి ఒక్కొక్క వెంట్రుకా అమ్మే ఏరింది. కాలికింద పడకూడదని ఏరి, నా దగ్గర మిగిలిన ఎర్ర జాకెట్ గుడ్డలో మూటగట్టి, ఎల్లారెడ్డిలో తన పెట్టెలో దాచింది. పిల్ల అద్దంలో చూసుకుని ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి గుడ్డతో జడ కుట్టమంది. నల్ల లైనింగ్ గుడ్డ చీల్చి, మూడు పాయలు అల్లి, రిబ్బన్‌కు కుట్టి ఇచ్చాను. దాన్ని నెత్తికి కట్టుకుని వాకిట్లో ఎగిరింది. దువ్వే పని లేదు గదా అని నన్నే ఆట పట్టించింది. నేను లోపలికి పోయి ఏడ్చి వచ్చాను.

కొన్ని నెలలకు జ్వరం పోయింది, మొహంలో కళ వచ్చింది, నెత్తి మీద మెత్తగా జుట్టు మొలిచింది. అప్పుడు డాక్టరమ్మ, ఇక గట్టి మందులు మరో విడత ఇవ్వాలి, మళ్ళీ జుట్టు రాలుతుంది, భయపడకండి అంది. ఆ మాట అమ్మ చెవిన పడింది. తిరుగు ప్రయాణంలో మా ముందు గదిలో కూర్చుని మొండికేసింది.

“ఇప్పుడిప్పుడే వస్తున్నయి బిడ్డా. మల్ల రాలిపోతే దేవునికేం ఇయ్యాలె? మొక్కు తీర్చలేదనే గదా గీ రోగమొచ్చింది. జర పెరగనీయ్. మామ వస్తడు, మొక్కు తీర్చినంకనే పోదాం.”

ఎంత కొట్లాడానో నాకే తెలుసు. దేవుడు ఆగుతాడు, రోగం ఆగదు అన్నాను. డాక్టర్ మాట కన్నా నీ మాట ఎక్కువా అన్నాను. పెండ్లయి పోయినదానివి, మా ఇంటి మొక్కుతో నీకేం పని అని నా నోరు మూయించింది. తమ్ముడు మా ఇద్దరి మధ్యా తల దించుకున్నాడు. వాడి కళ్ళెదుట పిల్ల గుడ్డ జడ ఊపుకుంటూ పరుగెత్తుతోంది. అంత బాగున్న పిల్లను తీసుకుపోయి, మళ్ళీ వాంతులు చేసుకునేలా, మళ్ళీ మంచానికి అతుక్కుపోయేలా చేయడానికి ఏ తండ్రికి మనసొప్పుతుంది? వాణ్ణి నేనేమీ అనలేకపోయాను.

వెంట్రుకలు వచ్చినంత మాత్రాన రోగం పోయినట్టు కాదు, కంటికి కనపడనిది లోపల మిగిలి ఉంటుంది, రెండో విడత మందు దానికోసమే. ఇంతే సంగతి. మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మా మాటల్లో, నిదానంగా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. రమ్మన్న రోజు దాటిపోయినా ఎందుకు రాలేదని ఒక్క ఫోన్ రాలేదు. ఆ డాక్టరమ్మ గది ముందు వరుస నేను చూశాను. తిండికి కూడా లేవని మనిషిని ఏమని తిట్టను? కానీ ఎవరినో ఒకరిని తిట్టాలనిపించేది.

ఎండలు ముదిరాక మేనమామ వచ్చాడు. అందరం బండి మాట్లాడుకుని రాజన్న దగ్గరికి పోయాం. కోపంతో ఉన్నా నేనూ పోయాను, పిల్ల నా చెయ్యి వదలదు కాబట్టి. ఫోన్లో తప్ప ఎన్నడూ చూడని మామ ఒళ్ళో కూర్చుని బిక్కమొహం వేసింది. బెత్తెడు కూడా లేదు ఆ జుట్టు. గుండు చేసేవాడికి అమ్మ సంబరంగా కథంతా చెప్పింది. మందులకు రాలిపోతే, మళ్ళీ పెరిగేదాకా మందు ఆపి తెచ్చామంది. ఆ మనిషి కత్తి ఆపి తలెత్తాడు.

“రాలినయి ఏం జేసిన్రు అవ్వా? దవఖాన నుంచి మస్తుమంది మూటగట్టుకొని తెస్తరు. గవి గూడ పుట్టు వెంట్రుకలే గద. దేవుడు వద్దంటడా?”

మళ్ళీ వచ్చేటప్పుడు తెస్తామని అమ్మ సన్నగా గొణిగింది. ఆ మూట ఎల్లారెడ్డిలో, ఆమె పెట్టెలో, చీరల అడుగున ఉంది.

ఆ తర్వాత వారం కూడా ఆగకుండా హైదరాబాద్ పోయారు. రక్తంలో రోగం తిరగబెట్టింది. డాక్టరమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదని మరదలు నాకు ఫోన్లో చెప్పి ఏడ్చింది. తిట్టినా బాగుండేది. గట్టి మందులు ఇచ్చారు. ఈసారి పిల్ల ఒళ్ళు తట్టుకోలేదు. వానలు పడుతుండగా, ఇంటికి తీసుకుపోండి, నొప్పి తెలియకుండా ఉండే మందు ఇస్తాం అన్నారు.

ఎల్లారెడ్డి దాకా పోలేకపోయింది. మా ముందు గదిలో మంచం వేశాం. నొప్పి మందు తాగించాక కాస్త తెరిపిన పడి నన్నే చూసేది. మిషన్ తొక్కమనేది. ఆ రోజుల్లో ఎవరి జాకెట్లూ ఒప్పుకోలేదు నేను. దారం లేకుండా, గుడ్డ లేకుండా, ఉత్త మిషన్ తొక్కుతూ కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం అట్లా తొక్కుతూనే ఉన్నాను, మరదలు నా భుజం పట్టుకుని, ‘ఇగ చాలు వదినా’ అంది. చూస్తే పిల్ల లేదు. ఎల్లారెడ్డిలో మా పొలం గట్టు దగ్గరే దాన్ని పూడ్చిపెట్టి వచ్చారు. గుడ్డ జడ దానితోనే పోయింది.

దినాలయ్యాక అమ్మను నా నోటికొచ్చిందల్లా అన్నాను. నీ మొక్కే మింగేసింది పిల్లను అన్నాను. ఆమె పోయి తన పెట్టె దగ్గర కూర్చుంది. ఆ పూటే కామారెడ్డి వచ్చేశాను. అప్పటి నుంచి మాటల్లేవు. తమ్ముడి ఫోన్ ఆమె ఎత్తితే నేను పెట్టేసేదాన్ని.

కొంతకాలానికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మందుకు రాకుండా ఆగిపోయిన పిల్లల ఇళ్ళకు ఫోన్లు చేసి అడగడమే ఆమె పని. కొత్తగా పెట్టారట. ఆసుపత్రిలో రాయించింది నా నంబరే, పాత చిట్టాలో పేరు చూసి మా పిల్లకోసం చేసింది. లేదమ్మా అని చెప్పాను. ఇంత ఆలస్యంగానా అని అరవబోయాను గానీ, అటువైపు ఆ అమ్మాయి ఏడుస్తోంది. తర్వాత ఆమే మళ్ళీ చేసింది. ఇప్పుడు రక్తపరీక్ష కామారెడ్డిలోనే చేయించి ఫోన్లో చెబితే చాలనీ, గట్టి మందులప్పుడే హైదరాబాద్ రావాలనీ చెప్పింది. మీ వైపు వాళ్ళు రైలుకు ముందు మీ ఇంట్లో ఆగవచ్చా, కాస్త ధైర్యం చెబుతారా అని అడిగింది. మంచం ఖాళీగానే ఉంది. రమ్మన్నాను.

దోమకొండ నుంచి వచ్చారు, రామారెడ్డి నుంచి వచ్చారు. అన్నం పెట్టి, మందు ఆపొద్దని చెప్పేదాన్ని. నా చెప్పడమంటే తెలుసు గదా, సగం అరుపే. వాళ్ళు తలలూపేవాళ్ళు. ఒకరిద్దరు మళ్ళీ కనపడలేదు. ఆ రోజుల్లోనే తమ్ముడు అమ్మను మోకాళ్ళ నొప్పులకు చూపించమని నా దగ్గర దింపి పోయాడు. వాకిట్లో నిలబడ్డ మనిషిని పొమ్మనలేను గదా. అన్నం పెట్టాను. మాట మాత్రం పెట్టలేదు. ఒక మూల కూర్చుని, నేను అడక్కుండానే చిక్కుడుకాయలు ఒలిచేది.

ఒక సాయంత్రం నస్రుల్లాబాద్ నుంచి ఒకామె మూడేళ్ళ కొడుకును ఎత్తుకుని వచ్చింది, తోడు అత్త కూడా. పిల్లాడి నెత్తి మీద నూగు లాగా జుట్టు వస్తోంది. పొద్దున రైలుకు పోవాలి. ఆ ముసలామె నాతో నెమ్మదిగా, ఈసారికి వెనక్కే పోదామనుకుంటున్నాం అంది. వాడి పుట్టు వెంట్రుకలు ఇంకా తీయలేదట, కాస్త పెరగనిచ్చి మొక్కు తీర్చుకుని వస్తారట. అరవడానికి నోరు తెరిచాను.

అంతలో అమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కకు నెట్టింది. రొండిన దోపుకున్న మూట తీసింది. నా ఎర్ర జాకెట్ గుడ్డే. ముడి విప్పి, ఆ ముసలామె ముందు నేల మీద పరిచింది. పొడుగాటి మెత్తటి నల్ల వెంట్రుకలు.

“ఇవి నా మన్మరాలివి. మందులకు రాలినయి. ఇవి చాలవనుకున్న. మల్ల పెరిగేదాక మందు ఆపిన. దేవుడు ఆపుమనలేదమ్మా, నేనే ఆపిన. పిల్ల పోయింది. నీ మన్మనివి రాలితే ఏరి మూటగట్టు, దేవునికి గవే చాలు. పొద్దుగాల పిల్లగాన్ని రైలెక్కియ్యి.”

ఆ ముసలామె చెయ్యి చాచి ఆ వెంట్రుకలను ముట్టుకోబోయి ఆగింది. కోడలు పిల్లాణ్ణి గుండెకు హత్తుకుని గోడ వైపు తిరిగింది. తెల్లవారుజామున ముగ్గురూ రైలెక్కారు. నేనే స్టేషన్ దాకా పోయి దగ్గరుండి ఎక్కించి వచ్చాను.

వచ్చేసరికి అమ్మ ఆ మూట ముందు అట్లాగే కూర్చుని ఉంది. ముడి వేద్దామంటే వెంట్రుకలు వేళ్ళకు చుట్టుకుంటున్నాయి. ఇటివ్వమ్మా అన్నాను. అన్నాళ్ళ తర్వాత ఆమెతో నేనన్న మొదటి మాట అది. వేళ్ళ నుంచి ఒక్కొక్కటీ విడిపించి, గుడ్డలో సర్ది, ముడి వేశాను. ఇద్దరం ఏడ్చాం. కాసేపయ్యాక, రాజన్న దగ్గరికి ఎప్పుడు పోదాం, ఇది ఇచ్చి వద్దాం అని అడిగాను.

అమ్మ మూట రొండిన దోపుకుంది.

“ఇప్పుడే వద్దు బిడ్డా. ఇంక ఎవరన్న వస్తరు,” అని చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి లాక్కుంది.