బిగింపమ్మ అల్లిన టోపీ

యుద్ధం మొదలయ్యాక బట్టల మిల్లు పైగదిలో ఆడవాళ్లు చేరి సైనికుల కోసం మంకీ టోపీలు అల్లేవారు. వాళ్లలో ఒకావిడకి బిగింపమ్మ అని పేరు పడింది. చిన్నప్పటి నుంచీ అంతే, ఆవిడ ముడి వేసిందంటే విప్పడానికి తాతలు దిగిరావాల్సిందే. ఊలు కూడా అలాగే బిగించి అల్లేది. "నీ టోపీలో నీళ్లు పోసినా కారవు తల్లీ" అని పక్కావిడ వేళాకోళం చేస్తే, "మా ఆయన చెవుల్లోకి చలి దూరకూడదు, అంతే" అనేది. తన పనితనమంటే మహా గర్వం.

చలికాలం సగంలో ఆయన సెలవు మీద వచ్చాడు. ఎడమ చెవి అంచు మంచుకి కమిలి నల్లబడి ఉంది. ఆవిడ ఆ చెవిని పట్టి చూసింది.

"టోపీ పెట్టుకోలేదా?"

"పెట్టుకుంటే ఏమీ వినపడదే. కాపలా ఉన్నవాడికి అడుగుల చప్పుడు వినపడాలి కదా. అందుకని పైకి మడిచేవాణ్ణి. అందరం అంతే."

అందరం అన్న మాట ఆవిడ ప్రాణం తీసింది. తను అల్లి పంపినవి ఒకటా రెండా! అయితే ఏడ్చి ఊరుకునే రకం కాదు. ఆయన తిరిగి వెళ్లేలోగా చెవుల దగ్గర వదులుగా, తక్కినచోట బిగువుగా ఉండే టోపీ అల్లి తీరాలని కూర్చుంది. ఆయన మాత్రం వచ్చినప్పటి నుంచీ కిటికీ దగ్గరే. అడిగినదానికి జవాబు తప్ప నోట్లోంచి ముక్క ఊడిపడేది కాదు.

టోపీ ఒక రూపానికి రాగానే తనే తొడుక్కుని వంటింట్లో నిలబడింది.

"మీరు తలుపు అవతలికి వెళ్లి గుసగుసగా ఏదైనా అనండి. ఇక్కడ నాకు వినపడితే అక్కడ కాపలాలో మీకూ వినపడుతుంది."

ఏమీ వినపడలేదు. చెవుల దగ్గర విప్పేసి, లావు సూదులతో మళ్లీ అల్లింది. ఊహూఁ. మళ్లీ విప్పింది. ఆయన విసుక్కోకుండా మళ్లీ వెళ్లి తలుపు వెనక నిలబడ్డాడు.

ఈసారి వినపడింది. సన్నగానే, కానీ అక్షరం పొల్లుపోకుండా.

"నాకు భయంగా ఉందే."

ఆవిడ తలుపు తీసింది. ఆయన తలెత్తలేదు.

"వినపడిందా?"

"వినపడింది. మరి ఇందాక ఏమన్నారు?"

"అన్నిసార్లూ అదే అన్నాను."

ఆవిడ టోపీ తీసి ఆయన తలకి తొడిగింది. ఆయన మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, పెదవులు కదిలీ కదలకుండా, "నాకూనండీ" అంది.

ఆయనకి వినపడింది. ఆవిడ భుజం మీద తల ఆనించి, ఇంటికొచ్చాక మొదటిసారి, ఏడ్చాడు.