పంటు మీద నల్ల కారు

ఆ రోజుల్లో నాకు లోకంలో తప్పులు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే పెళ్లికూతురి పేరు కూడా చూడకుండా తేదీకీ వారానికీ పొత్తు కుదిరిందో లేదో కేలెండరు తీసి చూసేదాన్ని. డిగ్రీ కాగానే రాజమండ్రిలో పుస్తకాలు వేసే ఓ చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. అచ్చుకి వెళ్లబోయే పేజీల్లోని సంగతులు నిజమో కాదో విచారించడం నా పని. పొద్దున్నే కొవ్వూరులో బస్సెక్కి, వంతెన దాటి వెళ్లి, సాయంత్రం దాకా జనాన్ని అనుమానించి, మళ్లీ వంతెన దాటి ఇంటికొచ్చేదాన్ని. ఆఫీసులో నన్ను 'సీఐడీ' అని పిలిచేవారు. (అది వెటకారమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో బిరుదనుకున్నాను.)

అలా ఉండగా తణుకు దగ్గర రైసుమిల్లులున్న ఓ పెద్దమనిషి, తన దగ్గరున్న పదకొండు పాత కార్ల మీద రంగుల బొమ్మలతో పుస్తకం వేయించుకోవాలనుకున్నారు. ఆఫీసులో అందరం ఆయన్ని కార్లబాబు గారు అనేవాళ్లం. కార్ల గురించి ఆయన చెబితే మా ఎడిటర్ గారు రాశారు. నిజానిజాలు తేల్చమని నన్ను పంపారు. నేను ఆ కార్లుండే షెడ్డులో మూడు రోజులు కాపురం పెట్టాను. టార్చిలైటు పట్టుకుని కార్ల కిందికి దూరాను. ఇంజను నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాను. సీటు తోలుదని రాసి ఉంటే, గోకి చూసి 'రెక్సిన్' అని దిద్దాను. ఒక కారు హారను రెండు మైళ్లు వినపడుతుందని రాసి ఉంటే, డ్రైవరు గారిని హారను కొడుతూ ఉండమని చెప్పి, కాలవ గట్టు మీద ఎండలో నడుచుకుంటూ పోయాను. రెండో తూము దాటేసరికి ఏమీ వినపడలేదు. వెనక్కొచ్చి 'అర మైలు' అని దిద్దుతుంటే కార్లబాబు గారు చూసి, "ఇవాళ గాలి ఎదురుగా ఉందమ్మా" అన్నారు పాపం. గాలి సంగతి వేరే రాసుకుంటానన్నాను.

పుస్తకానికి ప్రాణం అనదగ్గది రెండు పక్కలా కాలు పెట్టి ఎక్కే మెట్లున్న నల్ల కారు. అది వాళ్ల నాన్నగారు కొన్న మొదటి కారట. కొన్న వారానికే, కొత్త పెళ్లికూతురైన వాళ్లమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని, స్వయంగా నడుపుతూ, కొవ్వూరు వంతెన మీదుగా గోదావరి దాటి రాజమండ్రిలో పుట్టింటి గుమ్మం ముందు దింపారట. ఈ కథ చెబుతుంటే అరవైకి దగ్గరపడ్డ ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయేది. నాకు మాత్రం ఒళ్లంతా చెవులైంది. ఎందుకంటే ఆయన చెప్పే కాలానికి అక్కడ ఉన్నది రైలు వంతెన ఒక్కటే. కార్లు వెళ్లే వంతెన చాలా ఏళ్ల తరవాత వచ్చింది. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా తాత చెప్పాడు. అప్పట్లో కార్లూ బళ్లూ పంటు మీద దాటేవి. రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిస్తే అదే పంటు. చేపలు పట్టే మా ఇంట్లో పడుచువాడిగా మా తాత చేసిన పని ఆ పంటు నడపడమే.

ఆ సాయంత్రమే ఫోనులో కారు ఫొటో చూపించాను. తాత ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, "ఇదే! ఈ కారే!" అన్నాడు. (కళ్లజోడు పెట్టుకోలేదు. సీఐడీ ఆ సంగతి గమనించలేదు.) "రేవులో ఎక్కిత్తుంటే ఎనక చక్రం బల్ల మీంచి జారిపోయిందమ్మడూ. పెళ్లికూతురు కారులోనే ఉంది. అందరూ కేకలు. నేను మొలలోతు నీళ్లలోకి దూకి భుజం పెట్టేశాను. చక్రం నా భుజం మీద, నేను గోదారి మీద!" అన్నాడు. నేను కన్నీళ్లు పెట్టుకున్నాను. హారను కోసం ఎండలో నడిచినదాన్ని, మా తాత భుజాన్ని మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పైగా, "తాతా, నీ పేరు పుస్తకంలో వేయిస్తాను" అని మాటిచ్చేశాను. తెల్లారేసరికి ఆ మాట మా వీధంతా పాకింది. చదువు రాని మా తాత, తన పేరు అచ్చులో ఎంత పొడుగుంటుందని నన్నడిగాడు.

మర్నాడు గెలిచినదానిలా తణుకు బస్సెక్కాను. కార్లబాబు గారి వరండాలో నిలబడి, "అప్పటికి వంతెన లేదండీ" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. "అదేంటమ్మా! నలభై ఏళ్లుగా చెబుతున్నాను" అన్నారు. పక్కనే వత్తులు చేసుకుంటున్న వాళ్లమ్మగారు, ఆ నాటి పెళ్లికూతురు, తలెత్తారు. "అమ్మాయి చెప్పింది నిజమేరా. పంటు మీదే దాటాం. చిన్నప్పుడు నీకు అన్నం పెడుతూ ఈ కథ చెప్పేదాన్ని. వంతెన వచ్చాక నువ్వే కారుని వంతెన ఎక్కించేశావు. చెప్పినప్పుడల్లా అంత సంబరపడేవాడివి, ఎందుకులే అని ఊరుకున్నాను" అన్నారు.

నేను ఆవిడ వైపు తిరిగి, "మరి వెనక చక్రం జారింది కదండీ, ఒకాయన భుజం పెట్టారు కదండీ" అన్నాను ఉత్సాహంగా. ఆవిడ పకపకా నవ్వారు. "చక్రం ఏమీ జారలేదమ్మా. జారింది మనిషి. పంటు నడిపేవాళ్లలో ఒక పడుచువాడు కారు అద్దంలో మీసం చూసుకుంటూ, ఇంకా బాగా కనపడాలని వెనక్కి వెనక్కి నడిచి గోదాట్లో పడ్డాడు. మా వారు కండువా అందిస్తే పట్టుకుని పైకొచ్చాడు. నేను నవ్వాపుకోలేక చచ్చాను. పేరు తెలీదు గానీ, ఎడం చెవి తమ్మె కాస్త చీలి ఉండేది."

మా తాత ఎడం చెవి తమ్మె చీలి ఉంటుంది. గాలం తగిలి చిన్నప్పుడే చీలిందట. గోదావరి మీద బతికే మనిషి అద్దం చూసుకుంటూ గోదావరిలో పడటం, తణుకు ఆసామి కండువా పట్టుకుని తేలడం! మా వీధిలో ఇంతకంటే తలవంపులు ఇంకోటి లేదు. "ఆయన మా తాతండీ" అన్నాను నెమ్మదిగా. కార్లబాబు గారు నా వైపు తిరిగారు. "మా నాన్న వంతెన కొట్టేశావు. మీ తాత చక్రం ఉంచుతావా అమ్మా?" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. అంతకాలం నేను దిద్దిన ప్రతి తప్పు వెనకా ఎవరి మొహమో ఇలాగే వాడి ఉంటుందని నాకు మొదటిసారి తోచింది.

చివరికి బొమ్మ కింద రెండే వాక్యాలు అచ్చయ్యాయి. ఆ కారు తొలిసారి గోదావరి దాటింది పంటు మీదనీ, ఆ పంటు నడిపినవారిలో ఒకరు కొవ్వూరుకి చెందిన ఫలానా వారనీ. మా తాత పేరు, ఇంటిపేరుతో సహా, ఒక లైనులో సగం పొడుగుంది. చక్రం లేదు, మీసమూ లేదు.

పుస్తకం ఇంటికి తెచ్చిన ఆదివారం మధ్యాహ్నం తాత ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. ఇరుగుపొరుగు చాపల మీద చేరారు. నేను ఆ రెండు వాక్యాలూ చదివాను. ఎంతసేపు? ఊపిరి తీసి వదిలినంత సేపు. అందరూ ఇంకా నా నోటి వైపే చూస్తున్నారు. తాత పుస్తకం వైపు చూస్తున్నాడు. అప్పుడు నా కళ్లు కాగితం మీద ఉండగానే నా నోరు ముందుకెళ్లిపోయింది. "రేవులో కారు వెనక చక్రం బల్ల మీంచి జారగా, ఆయన మొలలోతు నీళ్లలోకి దూకి, భుజం పెట్టి నిలబెట్టారు" అని చదివేశాను. పక్కింటి పిన్ని ముక్కు మీద వేలేసుకుంది. తాత మాత్రం ఎడం చెవి తడుముకున్నాడు.

"అచ్చులో తప్పు పడిందమ్మడూ" అన్నాడు. "ఎనక చక్రం కాదు. ముందు చక్రం."

ఆ రోజు తాత ఊరుకోలేదు, నా చేత పెన్సిల్ తెప్పించి, ఆ పేజీ అంచున దిద్దించాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. నేను ఇప్పటికీ తప్పులు పట్టుకునే బతుకుతున్నాను, కాకపోతే పట్టుకున్నాక అవతలి మొహం వైపు ఒకసారి చూస్తాను. మొన్న అల్మారా సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. నల్ల కారు బొమ్మ పక్కన, ఇరవై రెండేళ్ల నా గుండ్రటి చేతిరాతలో 'ముందు చక్రం' అని ఉంది. ఆధారం ఏమీ లేకుండా నేను దిద్దిన దిద్దుబాటు అదొక్కటే. రబ్బరు చేతికందేంత దూరంలోనే ఉంది. అక్షరాలు మాసిపోతున్నాయని పెన్సిల్ తీసి, వాటి మీదే మళ్లీ రాశాను.