నాయిన కండ్లు

టీచరమ్మ పాఠం చెబుతూ ఏడుస్తుందని మా బడి పిల్లలు గట్టిగా నమ్మేవారు. వాళ్ళ తప్పేం లేదు. వికారాబాద్‌లో ఇన్నేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. కరుణరసం వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకుంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. సవర్ణదీర్ఘ సంధికి కూడా కొంగు తీసే మనిషిని వాళ్ళు నన్నొక్కదాన్నే చూసి ఉంటారు.

అది ఏడుపు కాదు. పొద్దున లేస్తే రెప్పల కింద ఇసుక పోసినట్టు గరగర. మధ్యాహ్నానికి మంట. ఫ్యాను గాలి తగిలితే చాలు, ధారగా నీళ్ళు. దానికి తోడు బుగ్గలూ ముక్కూ కందిపోయేవి. "మేడం, పౌడరు మార్చారా?" అని స్టాఫ్ రూములో ఆటపట్టించేవారు. నాకు ముక్కు మీదే కోపం, ఆ ముక్కు కూడా ఎర్రగానే ఉండేది. సుద్దముక్కల పొడి పడక అని ఒకరన్నారు, ఫోను ఎక్కువ చూసి అని ఇంకొకరు. ఒంట్లో వేడని మా అమ్మ తేల్చేసి నడినెత్తిన ఆముదం పెట్టింది. ఎన్ని చుక్కల మందులు వేశానో లెక్కలేదు.

చివరికి హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపించుకుందామని బయలుదేరితే అమ్మ కూడా చెప్పులు వేసుకుంది. నాయిన పోయినప్పటి నుంచి ఆమె నా దగ్గరే ఉంటుంది. యాభై ఏళ్ళ కూతుర్ని ఒంటరిగా ఆసుపత్రికి పంపితే నలుగురు ఏమనుకుంటారని ఆమె బాధ. ఇద్దరం పొద్దుటి రైలెక్కాం.

డాక్టరుది కోస్తా వైపు. పుస్తకంలో రాసినట్టు మెత్తగా మాట్లాడతాడు. దీన్ని రొసేషియా అంటారనీ, ముఖం చర్మానికి వచ్చి కళ్ళకూ పాకిందనీ చెప్పాడు. రెప్పల అంచుల్లో నూనె ఊరే సన్నటి గ్రంథులుంటాయట. నావి పూడుకుపోయాయి. పైన నూనె పొర లేక కంటి తడి ఆరిపోతుంది, ఆరిపోయిందని కన్ను కంగారుపడి మరిన్ని నీళ్ళు వదులుతుంది. "పొడికళ్ళు కాబట్టే ఈ నీళ్ళు," అన్నాడు. విరోధాభాసకు ఇంత చక్కటి ఉదాహరణ నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు.

తర్వాత అమ్మ వైపు తిరిగి అడిగాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి కళ్ళు ఉన్నాయా అమ్మా?"

"ఆయనకుండె సార్," అంది అమ్మ తల వంచుకుని. "పోయేదాంక ఇడువలే."

"విడవడమేమిటమ్మా?"

"కల్లు సార్. మా ఇంటాయనకు."

మా వైపు కంటిని కండ్లు అంటాం. కళ్ళు అన్న మాట చెవిన పడితే అమ్మలాంటి వాళ్ళకు ఈతచెట్టే గుర్తొస్తుంది. నాకు నవ్వాగలేదు. "సార్ అడిగింది కండ్ల గురించి అమ్మా," అన్నాను. డాక్టరు కూడా నవ్వేశాడు. అమ్మ నవ్వలేదు.

"అవి గూడ గిట్లనే ఎర్రగ ఉండె సార్. తాగితే ఎర్రగ ఉండయా?"

"మరి మీ అమ్మాయి తాగదు కదమ్మా," అన్నాడు ఆయన, మందులు రాసుకుంటూ, చాలా మామూలుగా.

అమ్మ ఆయన కలం వైపే చూస్తూ అడిగింది. "నాయిన కాడికెళ్ళి బిడ్డకు వస్తదా సార్, గీ రోగం?"

"కొన్ని కుటుంబాల్లో వస్తుంది. తాగితే ఎరుపు పెరుగుతుంది, అసలు తాగనివాళ్ళకూ ఉంటుంది. ఆయన్ని చూడకుండా నేనేం చెప్పగలను?"

తిరుగు రైలులో పల్లీలవాడు వచ్చినా అమ్మ కొనలేదు.

నెలకొకటి చొప్పున నాలుగు విడతలు ముఖానికి లైటు వైద్యం చేయాలన్నారు. బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళ మీద మూతలు పెట్టి, బుగ్గలకు చల్లటి జెల్ పూస్తారు. ఆ తర్వాత చటుక్కున వెలుగు. రబ్బరు బ్యాండుతో కొట్టినట్టు చురుక్కుమంటుంది. కళ్ళు మూసి ఉన్నా లోపలంతా నారింజ రంగు. రెండో విడత అయ్యాక ఒక పొద్దున లేచి, ఏదో తక్కువైందే అనుకున్నాను. ఇసుక తగ్గింది. ఆ రోజు పిల్లలకు పొడి కళ్ళతో, అంటే మంచి అర్థంలో పొడి కళ్ళతో, పద్యం చెప్పాను.

లైటు కంటే పథ్యమే కష్టం. పొగలు కక్కే చాయ్ వద్దు, పచ్చిమిరపకాయ తొక్కు వద్దు, ఎండ వద్దు. చేపలు తినాలి, అవిసె గింజలు తినాలి, రోజూ రెప్పలకు గోరువెచ్చని బట్టతో కాపడం పెట్టుకోవాలి. ఏం తింటే ముఖం ఎర్రబడుతుందో ఒక నోటుబుక్కులో రాసుకోమన్నారు. రాశాను. జొన్నరొట్టె, తొక్కు: ఎరుపు. స్టాఫ్ రూము చాయ్: ఎరుపు. తొమ్మిదో తరగతి వాళ్ళను తిట్టడం: బాగా ఎరుపు.

ఆ తొక్కు పేరు రాసినప్పుడల్లా తాండూరులో మా పాత ఇల్లు యాదికొచ్చేది. నాయిన బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం బూడిదరంగు బురద చుక్కలతో, సోంపు నములుతూ వచ్చేవాడు. నేను అక్షరాలు నేర్చుకునే రోజుల్లో నీలం బండ ముక్క ఒకటి అద్దంలా నున్నగా చేసి తెచ్చిచ్చాడు. దాని మీద తడి వేలితో రాస్తే అక్షరం నల్లగా లేచి, చూస్తుండగానే ఆరిపోయేది. "మల్ల రాయి బిడ్డ, బండ అరుగదు," అనేవాడు. నేను టీచరునైంది అక్కడే అనుకుంటాను. రొట్టె పెనం మీద నుంచి నేరుగా చేతిలోకి రావాలి ఆయనకు, తొక్కు కళ్ళు చెమర్చేంత కారంగా ఉండాలి. ఆ వాకిలి, ఆ రొట్టె వాసన, పక్కింటి కన్నడామె అవిసెల్ని అగసె అంటుంటే నాయిన వెక్కిరించడం, అన్నీ ఇప్పుడు కావాలనిపిస్తాయి.

ఆ ఇంట్లో ఒక్కటే గొడవ. పెళ్ళైన కొత్తలో నాయిన తాగేవాడట. నేను పుట్టాక మానేశానన్నాడు. అమ్మ నమ్మలేదు. ఎర్రటి కళ్ళు, ఎర్రటి ముఖం, వాసన తెలియకుండా సోంపు. ఇంకేం రుజువు కావాలి? ఇరవై ఏళ్ళు ఆమె అడుగుతూనే ఉంది, ఆయన కాదంటూనే ఉన్నాడు. తర్వాత కాదనడం మానేశాడు. ఒప్పుకున్నాడనే మేమనుకున్నాం.

మూడో విడతకు ముందు ఆదివారం అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నా కోసం అవిసెలు వేయిస్తోంది. పొడిలో మిరపకాయ వేయకుండా ఎట్లా అని రోజూ గొణిగే మనిషి ఆ రోజు గొణగలేదు. నా వైపు తిరగకుండానే అంది.

"తొక్కు నేనే నూరిపెడుతుంటి. తినంగనే మొఖం ఎర్రగయ్యేది. తాగొచ్చినవ్ అని మల్ల నేనే అంటుంటి."

"డాక్టరు ఏదీ ఖాయంగ చెప్పలేదు గదమ్మా," అన్నాను.

"అవు. చెప్పలే."

ఎన్నడూ ఎవరికీ చెప్పని మాట ఒకటి నా దగ్గర ఉంది. నాయిన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోగానే అమ్మ నాకు సైగ చేసేది. కొక్కేనికి వేలాడే ఆయన తువాలలో కల్లు వాసన ఉందేమో చూసి రావాలి. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. చెమట, తడి బండ వాసన తప్ప నాకేమీ తెలిసేది కాదు. రాలేదంటే సరిగ్గా చూడలేదని మళ్ళీ పంపేది. అందుకని వచ్చిందని తల ఊపేదాన్ని. ఆ తర్వాత మొదలయ్యే మాటలన్నీ నాయిన తల వంచుకుని రొట్టె తుంచుకుంటూ వినేవాడు. నేను ఆయన పక్కనే కూర్చుని, నా బండ మీద అక్షరాలు రాసుకునేదాన్ని. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాదు.

"అమ్మా, ఆ తువాలల నాకేం వాసన రాకపోతుండె. ఊకెనే తల ఊపుతుంటి," అన్నాను.

అమ్మ మూకుడు దించి కింద పెట్టింది.

"నువ్వు తల ఊపినవని కాదు బిడ్డ. నువ్వు బడికి పోయినంక ఉతికెటప్పుడు నేను గూడ వాసన చూస్తుంటి. ఒక్కనాడు గూడ రాలే."

"మరెందుకమ్మా?"

"కండ్లు ఎర్రగ ఉండె గద," అంది.