ఎజ్డీ గోవిందరావు, బుల్లెట్ గణపతిరావు

మా బావని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉత్త గోవిందరావు అంటే ఎవరూ పోల్చుకునేవారు కాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి తాతల నాడు వచ్చి స్థిరపడ్డవాళ్ళలో గోవిందరావులు బోలెడుమంది. ఎజ్డీ గోవిందరావు అనాలి. అప్పుడు వెంటనే ‘ఓ, ఆ బండాయనా’ అని దారి చూపించేవారు. నిమ్‌పురాలో ఆయన క్వార్టరు గుమ్మం ముందు ఆ ఎర్ర ఎజ్డీ మోటారు సైకిలు ఉండేది, దాని వెనకాల ఎక్కడో మా అక్క సింహాచలమ్మ ఉండేది. ‘ముందల ఆ సవితి, ఎనక నాను’ అని మా అక్కే అనేది.

పక్క క్వార్టరు గణపతిరావుది. ఆయన బుల్లెట్ గణపతిరావు. ఇద్దరూ ఒకే ఏడు అప్రెంటిసులుగా చేరినవాళ్ళు, ఒకే షాపులో ఫిట్టర్లు, ఒకే కంచంలో తిన్నవాళ్ళు. బండ్లు కొన్నాక మాత్రం ఉప్పూ నిప్పూ అయ్యారు. మా బావకి ఈ లోకంలో తల్లి తరవాత, మా అక్క కంటే ముందు, కావలసినవాడు గణపతిరావే. ఆ మాట ఒప్పుకోమంటే మాత్రం చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

దీనికి మొదలు ఎనభై ఒకటిలో. ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఉద్యోగం చాలించి ఆస్ట్రేలియా పోతూ తన బుల్లెట్ అమ్ముతానన్నాడు. ఇద్దరూ కలిసే వెళ్ళారు. మొదట అడిగింది మా బావే. ఆ గార్డు నవ్వి, ‘ముందు స్టార్ట్ చేసి చూపించు’ అన్నాడట. మా బావ కిక్ కొడితే అది ఎదురు తన్నింది. పిక్క వాచిపోయి పక్కకి కూర్చున్నాడు. గణపతిరావు వెళ్ళి కొట్టాడు, తొలిదెబ్బకే డబడబమంది. గార్డు తాళం చెవి గణపతిరావు చేతిలో పెట్టాడు. ఆయన వద్దనకుండా పుచ్చుకున్నాడు. అదీ మా బావకి తగిలిన దెబ్బ. పిక్క వాపు తగ్గింది గానీ అది తగ్గలేదు. ఆ దసరాకి అప్పోసప్పో చేసి ఎజ్డీ కొన్నాడు.

పూరీ గేట్ దగ్గర బిశు దాదా టీ దుకాణం ముందు రెండు బెంచీలుండేవి. ఆదివారం పొద్దున్న ఒకదాని మీద బుల్లెట్ వాళ్ళు, రెండోదాని మీద ఎజ్డీ వాళ్ళు. రాజ్‌దూత్ వాడొస్తే నిలబడి తాగి పోవాలి. నాది స్కూటరు, పైగా ఆఫీసు గుమస్తాని. రెండు జట్లకీ నేను మనిషి కిందే లెక్క కాదు. ‘ఆడంగుల బండి’ అని ఆ విషయంలో మాత్రం అందరూ ఏకమయ్యేవారు. నేను గోడకి ఆనుకుని, టీ చల్లారబెట్టుకుంటూ వినేవాడిని.

బుల్లెట్ వాళ్ళంటే మీసం, పొట్ట, నెమ్మది. ఫోర్‌మన్ కాకపోయినా ఫోర్‌మన్ నడక. వాళ్ళ బండి వీధిలోకొస్తే పెళ్ళి ఊరేగింపేమోనని ముసలమ్మలు బయటికొస్తారు. ఎజ్డీ వాళ్ళంటే తొందర మనుషులు, చొక్కా పై గుండీ పెట్టుకోరు, ఒంటి నిండా పొగకంపు, వెనక కూర్చున్న పెళ్ళాం ఉందో పడిపోయిందో చూసుకోరు. ఇవీ వాళ్ళ గురించి వీళ్ళూ, వీళ్ళ గురించి వాళ్ళూ అనుకునే మాటలు. విచిత్రమేమిటంటే, మా బావ మొదట్నించీ నిదానస్తుడు, అన్నం తినడానికి గంట పట్టే మనిషి. గణపతిరావు గాలికి ఊగే బక్క మనిషి, మీసం సరిగ్గా మొలిచేది కూడా కాదు. అయినా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఊరు అన్నదే వేదమై, కొన్నేళ్ళకి గణపతిరావు ఎలాగో మీసం పెంచాడు, నెమ్మదిగా మాట్లాడడం నేర్చుకున్నాడు. మా బావ గుండీలు విప్పుకుని తిరగడం మొదలుపెట్టాడు. మనుషులు బండ్లు కొనుక్కున్నారో, బండ్లే మనుషుల్ని కొనుక్కున్నాయో నాకు తేలలేదు. ఇదంతా చూసి చూసి నాకు విసుగెత్తిపోయింది. చెబుతున్నా విసుగ్గానే ఉంది.

‘నీ బండి కారిన ఆయిలు పోగేస్తే సింహాద్రప్పన్నకి దీపం ఎట్టొచ్చురా’ అనేవాడు మా బావ.

‘నీ బండి పొగకి మీ ఈదిలో దోమలన్నీ సచ్చినాయి. రైల్వే వోళ్ళు నీకు మెడల్ ఇవ్వాల’ అనేవాడు గణపతిరావు.

ఒకరి బండి మీద ఒకరు కాలు వెయ్యకూడదని ఇద్దరికీ పంతం. బుల్లెట్‌కి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడంకాలికి. ఎజ్డీకి సరిగ్గా తలకిందులు. ‘ఎడంకాలితో బ్రేకేటి, ఎవుడైనా ఎడంకాలితో గుడిలోకెల్తాడా’ అని మా బావ వెటకారం. వారం రోజులు తొక్కితే వచ్చేసే విద్య అది. పదేళ్ళు పక్కపక్కనే ఉండి కూడా ఆయన నేర్చుకోలేదు. నేర్చుకుంటే ఎజ్డీకి ద్రోహం చేసినట్టట. ఇనుముకి ఇంత విశ్వాసం దేనికో!

తొంభై రెండులో విశ్వకర్మ పూజ నాడు ఆ విశ్వాసం ఖరీదు తెలిసింది. ఆ రోజు మా ఊళ్ళో పనిముట్లకి విశ్రాంతి. వర్క్‌షాపు గేట్లు ఇంటిల్లిపాదికీ తెరుస్తారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ కొత్తబట్టలు కట్టుకుని యంత్రాలు చూడ్డానికి వెళ్ళిపోతారు. కాలనీలో కాకి కూడా మిగలదు. నేను కూడా మా ఆవిడని స్కూటరు మీద ఎక్కించుకుని పొద్దున్నే వెళ్ళిపోయాను. రిక్షాలన్నీ అటే.

మా బావకి ఆ పండక్కి సొంత పద్ధతి ఒకటుండేది. దండ వేసి ఊరుకుంటే పూజ కాదనేవాడు. ముందు రోజే కార్బొరేటరు విప్పి, పెట్రోలుతో కడిగి, పీట మీద గుడ్డ పరిచి, ముక్క ముక్కకీ బొట్టు పెట్టేవాడు. మా పూజారి వరాహనరసింహంగారు వచ్చి హారతి ఇచ్చేదాకా ఆ ముక్కలు ముట్టుకోడు. అందుచేత ఆ పొద్దున్న ఎజ్డీ గుమ్మంలో ఉందన్న మాటే గానీ కదిలే స్థితిలో లేదు. గణపతిరావు తన బుల్లెట్‌ని తుడిచి, బంతిపూల దండ వేస్తూ, అలాగే నేల మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. ఆయన భార్య అప్పలకొండ కేక విని మా బావ, మా అక్క పరిగెత్తారు.

‘గుండెల మీద బండెట్టినట్టుందిరా’ అన్నాడు గణపతిరావు.

వీధంతా చూశారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉన్నది ఒక్కటే బండి.

మా బావ తాళం చెవి పుచ్చుకుని బుల్లెట్ ఎక్కాడు. కిక్ కొడితే పదకొండేళ్ళ కింద తన్నినట్టే తన్నింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తన్నింది. అప్పుడు గోడకి ఆనుకున్న గణపతిరావు, మాట రాని గొంతుతో, నేర్పించాడు.

‘బలం కాదొరే. మీటరులో సూది సూడు. సూది మద్దెకి రావాల. వొచ్చినాదా? ఆ సిన్న లివరు నొక్కి కొంచెం దించు. ఇప్పుడు తన్ను.’

బండి లేచింది. గణపతిరావుని మధ్యలో కూర్చోబెట్టారు, వెనక అప్పలకొండ పట్టుకుని కూర్చుంది. మా బావ ఆసుపత్రి దారి పట్టాడు. బ్రేకు ఎడంకాలికని ఆయన బుర్రకి తెలుసు. కాలికి తెలియదు. గేటు దాటిన మలుపులో విశ్వకర్మ బొమ్మని లారీలో ఊరేగించుకుంటూ బెంగాలీ కుర్రాళ్ళు డప్పులతో ఎదురొచ్చారు. మా బావ ఎన్నేళ్ళుగానో చేసినట్టే కుడికాలు అదిమేశాడు. బండి ఆగడానికి బదులు గేరు మారి ముందుకు ఉరికింది. ఎవరికీ తగలకుండా కాలవగట్టు వైపు తిప్పాడు. బండి పడింది, దాని కింద ఆయన ఎడం మోకాలు పడింది.

అప్పలకొండకి మోచేతులు గీసుకున్నాయి. ఆ కుర్రాళ్ళు డప్పులు పారేసి, గణపతిరావుని ఎత్తి లారీలో, విశ్వకర్మ ఏనుగు కాళ్ళ దగ్గర పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. మా బావని కూడా అందులోనే వేశారు. ‘ముందల ఆడిని సూడండి దాదా, ముందల ఆడిని’ అని దారంతా అరిచాడట.

గణపతిరావు బతికాడు. సగం మనిషిగా బతికాడు. బరువు ఎత్తకూడదు, బండి కిక్ కొట్టకూడదు అన్నారు. మా బావ ఎడం మోకాలు ఇంక వంగలేదు. ఎజ్డీకి కిక్ ఎడం పక్కనే. కాబట్టి ఆ ఇద్దరి బండ్లూ గుమ్మాల్లోనే నిలబడిపోయాయి.

ఊరు ఊరుకుంటుందా? ‘పరాయి బండెక్కితే అంతే, తగిన శాస్తి’ అంది ఎజ్డీ బెంచీ. ‘ఎజ్డీ వాడు కావాలనే పడేసినాడు’ అంది బుల్లెట్ బెంచీ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాలు పోగొట్టుకున్న వాడిని, ప్రాణం మీదికి తెచ్చుకున్న వాడిని పట్టుకుని అనవలసిన మాటలేనా అవి? కానీ అసలైన పుండు అది కాదు. ఆసుపత్రి మంచం మీద మా బావ నాతో ఒక్కటే అన్నాడు. ‘ఆడి బండి నాను నేర్సుకోలేదు బామ్మర్దీ. పక్కింట్లో ఉండి నేర్సుకోలేదు. ఆడు సచ్చిపోతే నాకేటి మిగిలీది?’ అని గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఆ తరవాత అయిదేళ్ళూ ఆ ఇద్దరు వీరులూ నా ఆడంగుల బండి మీదే తిరిగారు. ఒకసారి ఒకరిని, ఒక్కోసారి ఇద్దరినీ ఇరికించుకుని ఆసుపత్రికి, బజారుకి, పూరీ గేట్‌కి మోసేవాడిని. స్కూటరు మూలిగేది, నేనూ మూలిగేవాడిని. వాళ్ళకి అదేం పట్టదు. నా భుజం మీంచి ఒకడి బండిని ఒకడు తిట్టుకునేవారు. మధ్యలో ఉన్న నా చెవులు చిల్లులు పడేవి. ఎజ్డీలు తయారవడం ఆగిపోయిందన్న కబురు వచ్చిన రోజు గణపతిరావు పకోడీలు తెప్పించి పంచాడు. మా బావ తిన్నాడు, మళ్ళీ అడిగి తిన్నాడు. టీ కొట్టు దగ్గర కుర్రకారు కొత్త జపాను బండ్ల గురించి మాట్లాడుకునేవారు. వీళ్ళ గోల వాళ్ళకి అర్థమయ్యేది కాదు. బెంచీలు కూడా ఎవరు పడితే వాళ్ళు కూర్చునేవే అయిపోయాయి.

తొంభై ఏడు చలికాలంలో గణపతిరావు పోయాడు. ఈసారి ఎవరినీ పిలిచే వ్యవధి కూడా ఇవ్వలేదు. మా బావ ఏడవలేదు. కర్మకాండ అన్నాళ్ళూ పెళ్ళివారింట్లో పనివాడిలా కుంటుకుంటూ తిరిగాడు, కుర్చీలు వేశాడు, అప్పలకొండకి మందులు తెచ్చాడు. అంతా అయ్యాక ఒక ఆదివారం ‘టీ తాగొద్దాం పద బామ్మర్దీ’ అన్నాడు. నేను స్కూటరు తీశాను.

బిశు దాదా దుకాణంలో నూకరాజు ఉన్నాడు. పాత ఎజ్డీ బెంచీలో మిగిలినవాడు అతనొక్కడే. మా బావని ఎలాగైనా నవ్వించాలనుకున్నాడు పాపం.

‘గురూ, గెలుపు మనదే. ఆ బుల్లెట్ ఇంక పాతినప కొట్టుకే గదా. ఎన్నేళ్ళు ఎక్కించుకున్నాదో, ఒక్కనాడు ఆణ్ణి టైము కన్నా ముందల షాపుకి సేర్సినాదేటి?’

మా బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు. టీ ఒలికింది.

‘నూకరాజూ, ఆ బండిని నానన్నన్ని మాటలు ఈ ఊల్లో ఇంకెవుడూ అన్లేదు. ఎందుకన్నాను? ఆడు ఇంటాడని అన్నాను. ఇని ఊరుకోడు, తిరిగి రెండంటాడని అన్నాను. ఇప్పుడు ఆ బండిని అంటే ఎవుడు పలుకుతాడ్రా? నువ్వు పలుకుతావా? ఇంకోపాలి దాని ఊసెత్తితే నీకూ నాకూ సెడిపోద్ది.’

నూకరాజు తల దించుకున్నాడు. బిశు దాదా వచ్చి బల్ల తుడిచి, ఇంకో టీ పెట్టాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంటికి బయల్దేరాం. మా బావ చాచిన కాలితోనే వెనక ఒరిగి కూర్చుని నా భుజం పట్టుకున్నాడు. రోడ్డు మీద పెద్దగా జనం లేరు.

‘బామ్మర్దీ’ అన్నాడు సగం దారిలో. ‘నా ఎజ్డీని ఏదో ఒకటను.’

‘ఏమనమంటావు బావా?’

‘ఏదో ఒకటి. తిట్టు.’

నా పాలిట పడింది కదా అని అన్నాను. ‘అదేం బండి బావా, ముందు పొగ, వెనక పొగ, మధ్యలో నువ్వు. ఊళ్ళో ఇంజన్లన్నీ బొగ్గు మానేశాయి గానీ నీది మానలేదు.’

నా భుజం మీది చెయ్యి బిగిసింది, మళ్ళీ వదులైంది.

‘ఆడు అన్నట్టు లేదురా’ అన్నాడు.