ఆరని మడిబట్ట

మా అత్తగారిని నేను మొదటిసారి రెండు చేతులా పట్టుకున్నది ఆవిడ వంటింట్లో కూలబడ్డ రోజున. డెబ్బైల చివరి సంవత్సరాలవి. సరోజినీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మామగారు పోయాక ఆవిడ గోదావరి జిల్లా నుంచి మా దగ్గరికి వచ్చేశారు. ఢిల్లీలో ఆవిడకు అదే తొలి చలికాలం. అప్పటికే దగ్గుతున్నారు. ఆ ఉదయం ఎసట్లో పప్పు పోస్తూ గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. పరుగెత్తి పట్టుకున్నాను. ఒంటిమీది చీర తడిగా ఉంది.

"ముట్టుకున్నావా? మడంతా పోయింది కదే!" అన్నారు, పళ్లు టకటకా కొట్టుకుంటుండగా.

ముందురోజు ఉతికి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసిన చీర కట్టుకుంటే గానీ ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లరు. కట్టుకున్నాక వంటా పూజా అయ్యేదాకా మేం ఆమడ దూరం. డిసెంబరు పొగమంచులో సూర్యుడి జాడే ఉండదు, ఇక చీరేం ఆరుతుంది? ఆ పచ్చి చీరే చుట్టుకుని పొద్దున్నంతా నిలబడుతున్నారన్నమాట. ఆవిడ ఊళ్లో అయితే ఒంటిమీదే ఆరిపోయేదట. ఒకే ఇంట్లో ఉంటూ, ఎక్కడ తగులుతానో అని పక్కకు తప్పుకుని నడుస్తూ, ఈ సంగతి నేను కనిపెట్టలేకపోయాను.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. లేడీ డాక్టరు పంజాబీ ఆవిడ. ఫిల్మ్‌ను వెలుతురుకు ఎత్తి చూసి, "న్యుమోనియా. రైట్ లంగ్‌లో ప్యాచ్ ఉంది" అన్నారు. టెస్ట్ డోస్ ఇచ్చి చూశాక పెన్సిలిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. చీర సంగతి చెప్పాను. "చలి ఒక్కదానితోనే న్యుమోనియా రాదు. కానీ ఈ వయసులో తడిబట్టల్లో ఉంటే బాడీ హీట్ పడిపోతుంది, జబ్బును తట్టుకోలేరు. మాతాజీని పొడిగా ఉంచండి, బస్, అంతే" అన్నారు.

జ్వరం తగ్గింది, ఇంటికి తెచ్చుకున్నాం. కాస్త ఓపిక రాగానే ఆవిడ మళ్లీ దండెం మీది చీర అందుకున్నారు. వద్దంటే వినలేదు. కొద్దిరోజులకే జ్వరం తిరగబెట్టింది, ఊపిరి తీసుకుంటే పక్కలో పోటు. "ప్లూరల్ ఎఫ్యూజన్. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది" అని డాక్టరు వీపులోకి సూది గుచ్చి ఆ నీరు తీయించారు. అత్తగారు మంచంపట్టె పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. నేనే వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

మా వారికి కోపం నషాళానికంటింది. "మళ్లీ మడి మాటెత్తావంటే ఊరుకోనమ్మా! మడి ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?"

"నాకు రెండూ ఒకటేరా" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. మడితో వండింది కాదని ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు. పాలూ అరటిపండూ తప్ప ఏదిచ్చినా వద్దన్నారు. నాకు ఒళ్లు మండింది. అంతకుమించి భయమేసింది. మనిషి చూస్తుండగానే చిక్కిపోతున్నారు.

"తిండి లేకపోతే నా మందులేం చేస్తాయి?" అన్నారు డాక్టరు. ఆ వెంటనే నన్నే అడిగారు. "అచ్ఛా, ఆ చీర తడిగానే ఉండాలా?"

"లేదండీ. ఉతికింది, ఎవరూ తాకనిది అయితే చాలు."

"మరి రోజూ తడపక్కర్లేని బట్టేదీ మీలో లేదా?"

నాకు తెలియదు. ఇంటికి వెళ్లి మంచం పక్కన కూర్చుని అదే మాట అత్తగారిని అడిగాను. ఆవిడ నావైపు తిరిగి చూశారు.

"లేకేం? ధావళి. ఉన్నితో నేస్తారు. రోజూ తడపక్కర్లేదు, మడికి పనికొస్తుంది. మా అత్తగారు కట్టేవారు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?"

"నన్నెవరడిగారే? అందరూ మానెయ్యమన్నవాళ్లే."

ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఆ సాయంత్రమే మా వారు ఊళ్లో మేనమామకు కబురు పెట్టారు. ధావళి పార్సిల్లో వచ్చేదాకా, పక్కింటి ఆంటీకి చెప్పి కొనిపించిన కొత్త ఉన్ని శాలువాతో సరిపెట్టుకోవడానికి ఆవిడ ఒప్పుకున్నారు. కూర్చున్నచోటే కుంపటి మీద తన అన్నం తానే వండుకున్నారు, నేను పొగ పోయేలా కిటికీ తెరిచి గుమ్మం బయట కాపలా. నాలుగు ముద్దలు తిన్నారు. హోలీ నాటికి కర్ర లేకుండా నడిచారు.

ఎనభైలు కూడా చివరికొచ్చాయి. మయూర్ విహార్ ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఎక్కువసేపు నిలబడితే ఆవిడకు ఇంకా ఆయాసమొస్తుంది. చలికాలం వస్తే స్నానం ఎండ వచ్చాకే, వేడినీళ్లతోనే.

మీ ఇళ్లలో పెద్దవాళ్లుంటే నేను చెప్పేది ఒక్కటే. "చలేస్తోందా?" అని అడిగి ఊరుకోకండి, లేదనే అంటారు. చెయ్యీ, పాదమూ, కట్టుకున్న బట్టా రోజూ ముట్టి చూడండి.

మా అత్తగారు స్నానానికి వెళ్లేముందు గుమ్మంలో ఆగి నా ముందు చెయ్యి చాపుతారు.

"చూసెయ్యవే తొందరగా. ఇంకాసేపైతే ముట్టుకోనివ్వను."