నర్సమ్మ మూసేసిన నవల

మా కొండకింది ఊరి ఆసుపత్రిలో పనిచేసిన నర్సమ్మ, సాయంత్రాలు కల్లంలో కాఫీ గింజలు ఏరే ఆడవాళ్లకు సస్పెన్స్ నవల చదివి వినిపించేది. సరిగ్గా ఊపిరి బిగపట్టేచోట పేజీలో ఒక గింజ పెట్టి పుస్తకం మూసేసేది. నాకు ఒళ్లు మండేది.

ఆ రోజు కథానాయిక హంతకుణ్ణి వెతుక్కుంటూ ఒంటరిగా అడవిలోకి వెళ్లింది.

“ఒక్కర్తీ ఎలిపోయిందేటి? బుర్ర నేని గుంట!” అంది మా అత్త. కొందరు వంతపాడారు.

“మరెవులెల్తారు?” అని మిగతావాళ్లు ఎదురు తిరిగారు. నర్సమ్మ మాత్రం ఎవరి పక్షమూ పట్టలేదు.

ఇంతలో పై ఊళ్లో ఎవరికో పురిటినొప్పులని ఫోనొచ్చింది. ఆమె గింజ పెట్టి, పుస్తకం మూసి, సంచీ తగిలించుకుని ఒక్కతే కొండదారి పట్టింది.

అత్త చేట పక్కన పెట్టి లేచింది. “ఉండు నర్సమ్మా, నానూ వత్తన్నాను.”

నర్సమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. “ఆ నవల్లో నువ్వుండుంటే అసలు సస్పెన్సే ఉండేది కాదు పిన్నీ!”