ఖాదర్ మామ వినని నంబర్

నిన్న పొద్దున బద్వేలు నుంచి అత్త ఫోన్. "మీ మామ పోయినాడు తల్లీ" అంది.

నమ్మలేదు. మొన్ననే రేడియోలో నన్ను పలకరించిన మనిషి.

ఖాదర్ మామది చెప్పుల అంగడి. దాని మిద్దె మీద, దూరపు వాళ్లతో సరదాగా మాట్లాడుకునే హామ్ రేడియోకి యాంటెన్నా. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేను. కోయిలకుంట్ల నుంచి నన్ను పిలిపించి లైసెన్స్ పరీక్ష రాయించింది ఆయనే.

ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఏడవలేదు. హామ్‌ల సైట్ తెరిచి, పోయిన కాంటెస్ట్‌లో రేడియో మీద ఆయనతో మాట్లాడిన కాంటాక్ట్ కన్ఫర్మ్ అయిందా అని చూశాను.

మాట్లాడుకున్న ఇద్దరూ తమ లాగ్ పుస్తకంలో రాసుకున్నది సైట్‌లో ఎక్కిస్తేనే కన్ఫర్మ్. నా వైపు ఉంది, ఆయన వైపు లేదు. అదొక్కటి వస్తే నా మొదటి సర్టిఫికెట్.

ఎందుకు లేదో నాకు తెలుసు.

కాంటెస్ట్ రోజు రేడియోలో నన్నెవరూ పిలవడం లేదు. ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నారో చూపే స్పాటింగ్ పేజీలో నాది వెయ్యమని, చూసి అందరూ వస్తారని మామకు ఫోన్ చేశాను.

"అడిగి ఏపిచ్చుకుంటారామ్మా యాడన్నా? పిలుస్తా ఉండు. నాకు ఇనపడితే నేనే ఏస్తా."

కాసేపటికి ఆయనే రేడియోలో దొరికాడు. కాంటెస్ట్‌లో ఒకరు పలికిన వరుస నంబర్ ఇంకొకరు విని రాసుకోవాలి. నా కాల్‌సైన్, అంటే రేడియోలో నా పేరు, ఆయనకు అందింది. గరగరలో నంబర్ అందలేదు. మళ్లీ ఫోన్ చేసి నంబర్ చెప్పబోయాను.

"పెట్టేయ్ ఫోను. ఫోన్లో ఇన్నదాన్ని రేడియోలో ఇన్నానని రాయల్నా? శానా తెలివి నీకు."

నవ్వుతూనే అన్నాడు. కాల్‌సైన్ విన్నాడు కాబట్టి పేజీలో మాత్రం వేశాడు. ఆ సాయంత్రమంతా నన్ను పిలిచేవాళ్లే.

చూపు తగ్గాక ఆయన లాగ్ సైట్‌లో ఎక్కించేది నేనే. పాస్‌వర్డ్ నా ఫోన్‌లోనే ఉంది. నిన్న మన హామ్‌ల గ్రూప్‌లో సంతాపాల కిందే ఒకరు రాశారు, "లాగిన్ నీ దగ్గరే కదా, పెండింగ్‌వన్నీ కన్ఫర్మ్ చేసెయ్" అని.

కోపం రావాలి. రాలేదు. నా వేలు అప్పటికే ఆయన లాగిన్‌లో పెండింగ్‌లో ఉన్న నా లైన్ మీద ఉంది.

సాయంత్రం ఖననం అయ్యాక అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఆ రేడియో సంగతులు మాకేం తెలుసు తల్లీ. నీకేమన్నా పనికొచ్చేది ఉంటే చేసుకో."

ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

ఆయన లాగ్ పుస్తకంలో రాసుకున్నవి రాసుకున్నట్టే ఎక్కించాను. నాది ఎక్కించలేదు. పాస్‌వర్డ్ అత్తకిచ్చి నా ఫోన్‌లోంచి తీసేశాను. అయినా ఆ వేలు గుర్తొస్తూనే ఉంది.

మామా, నా నంబర్ నువ్వు వినలేదు. వినలేదనే ఉండనీ.

గరగరలు లేని చోట నెమ్మదిగా పడుకో. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.